అంగి మీద లేని రంగు

సన్నగీతల చొక్కా వేసుకొచ్చినవాణ్ణి చూస్తే సైమన్‌కి ఒళ్ళు మండుతుంది. మనిషి మీద కాదు, చొక్కా మీద. హైటెక్ సిటీలో ఏ కంపెనీకి వీడియో తీయడానికి వెళ్ళాల్సి వచ్చినా ముందురోజే ఫోన్ చేసి చెప్పుకుంటాడు: "సార్, ప్లెయిన్ చొక్కా వేసుకోండి. సన్నగీతలూ చిన్నగళ్ళూ మాత్రం వద్దండి." అటువైపు నుంచి సరే సరే అంటారు. తెల్లారి చూస్తే పెద్ద మేనేజరుగారు బీరువాలో ఉన్న చొక్కాలన్నిట్లోకీ సన్నగీతలదాన్నే ఏరి, ఇస్త్రీ చేయించుకుని తొడుక్కొచ్చి కూర్చుంటారు. ఇక ఆ చొక్కా కెమెరా తెర మీద ఊరుకోదు. మనిషి బొమ్మలా కూర్చున్నా చొక్కా కదులుతుంది. గీతల మీద లేని అలలు లేచి భుజం మీదికి పాకుతాయి. ఎడిటింగ్ చేసేవాళ్ళు దాన్ని మోయిరే అంటారు. సైమన్ భార్య రూబీ మాత్రం "మీ కెమెరాకి పట్టిన దయ్యం" అంటుంది.

ఆ దయ్యాన్ని వదిలించడానికి సైమన్ దగ్గర కొన్ని మంత్రాలున్నాయి. ట్రైపాడ్ ఒక అడుగు వెనక్కి జరపడం, మనిషిని కాస్త పక్కకు తిప్పి కూర్చోబెట్టడం, అవేవీ పనిచేయకపోతే లెన్సు ఫోకస్‌ను వెంట్రుకవాసి మసక చేయడం. ముఖం బాగానే ఉంటుంది, చొక్కా చల్లబడుతుంది. పెళ్ళిళ్ళు తీసే పాత కెమెరా అమ్మేసి మరీ కొన్న ఈ కొత్త కెమెరా అంటే అతనికి ఎంత ముద్దో, ఈ ఒక్క విషయంలో అంత చిరాకు.

ఆ సోమవారం అతని కెమెరా ముందు ఏ మేనేజరూ లేడు. సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. బస్సులు డిపోలు దాటడం లేదు, బళ్ళు తెరవడం లేదు, కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో దేవుడికే తెలియాలి. హైటెక్ సిటీ ఒక్కటే ఏమీ ఎరగనట్టు అద్దాలు తుడుచుకుని మెరుస్తూ ఉంది. సైమన్ మియాపూర్ నుంచి బండి మీద వచ్చి, ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ రెండో అంతస్తు కిటికీ దగ్గర కెమెరా నిలబెట్టి, వార్షికోత్సవం వీడియో కోసం గేటునూ రోడ్డునూ తీస్తున్నాడు. అప్పుడు వినిపించాయి డప్పులు.

మలుపు దగ్గర మొదట గులాబీ కండువాలు కనిపించాయి, తర్వాత జనం. ఉద్యోగులు, విద్యార్థులు, నెత్తిన బోనాలు పెట్టుకున్న ఆడవాళ్ళు. "జై తెలంగాణ" అన్న కేక అద్దాల మేడలకు తగిలి రెండింతలై తిరిగొస్తోంది. బాపట్లలో పుట్టి పెరిగిన సైమన్‌కి ఆ కేక వింటే ఇప్పటికీ తను పరాయివాణ్ణని గుర్తొస్తుంది. కానీ కెమెరా వెనక ఉన్నవాడికి ఊరూ పేరూ ఉండవు. జూమ్ చేసి తీస్తూనే ఉన్నాడు.

ర్యాలీ సరిగ్గా గేటు ముందుకొచ్చి ఆగిపోయింది. ఎందుకు ఆగిందో పైనుంచి తెలియలేదు. డ్యూటీలో ఉన్న ఇద్దరు గార్డులు లోపలికి పరిగెత్తారు. వాళ్ళకు ఎదురుగా ఒక మనిషి గేటు వైపు పరిగెత్తి, రెండు చేతులతో చువ్వలు పట్టుకున్నాడు. అతని వీపు మాత్రమే కెమెరాకు కనిపిస్తోంది. కాసేపటికి గేటు పట్టాల మీద జరగడం మొదలైంది, జనం లోపలికి ఒలికిపోయారు. పూలకుండీలు దొర్లాయి, లాబీలో ఒక గాజు తలుపు పగిలింది. ఎవరో పెద్దమనుషులు అరిచి, సర్ది, అందరినీ మళ్ళీ రోడ్డు మీదికి తీసుకుపోయారు. అంతా అయ్యాక కంపెనీ అడ్మిన్ మేనేజరు వెంకటనారాయణ చెమట తుడుచుకుంటూ పైకి వచ్చాడు. "మొత్తం తీశారా సైమన్ గారూ? ఆ కాపీ నాకు ఇచ్చి వెళ్ళండి" అన్నాడు. సైమన్ ఇచ్చాడు. తన పని అయిపోయిందనుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం పిలుపొచ్చింది. కాన్ఫరెన్సు గదిలో పెద్ద తెర మీద తన వీడియోనే ఆపి ఉంది. గేటు, చువ్వల అవతల జనం, ఇవతల చేతులు చాపి నిలబడ్డ మనిషి వీపు. ఆ వీపు మీద చొక్కా గులాబీ. చక్కని, శుభ్రమైన గులాబీ. అవతలివాళ్ళ కండువాలకు తోబుట్టువులా ఉంది.

గదిలో వెంకటనారాయణతో పాటు కంపెనీ మనుషులు ముగ్గురు కూర్చున్నారు. తెర పక్కన నలభై దాటిన మనిషి ఒకడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పేరు మొగిలి. జనగామ దగ్గరి పల్లె మనిషి. సెక్యూరిటీ ఏజెన్సీ తరఫున ఈ గేటు దగ్గరే గార్డు.

"ఇంకోసారి అడుగుతున్నానయ్యా. ఆ మనిషి నువ్వేనా?" అన్నాడు వెంకటనారాయణ.

"నేనే సార్."

"మరి ఆ చొక్కా?"

"గా అంగి నాది కాదు సార్."

గదిలో నవ్వులు లేచాయి. వెంకటనారాయణ కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. అతను చెడ్డవాడు కాదు. గుడివాడ నుంచి వచ్చి ఇరవయ్యేళ్ళుగా ఈ ఊళ్ళోనే ఉన్నాడు. కానీ ఆ నెలంతా ఎవరేమంటారోనన్న భయంతోనే ఆఫీసుకొస్తున్నాడు. "మనిషివి నువ్వేనంటావు, మనిషి మీది చొక్కా నీది కాదంటావు. అరువు తెచ్చుకున్నావా ఏంటి? డ్యూటీ దిగిపోయి, యూనిఫాం విప్పేసి, వాళ్ళ రంగు తొడుక్కుని గేటు దగ్గరికొచ్చావు. అవునా కాదా?"

"యూనిఫాం ఇడిసింది నిజమే సార్. ఏజెన్సోళ్ళు పోస్టుకొక్కటే జత ఇస్తరు. దిగినోడు ఇడిసి ఎక్కెటోనికి ఇయ్యాలె. గా చెమట అంగే వాడు ఏసుకోవాలె. నేను ఇడిసి నా అంగి ఏసుకున్న. గది బూడిదరంగు అంగి సార్. నాకు గులాబి అంగే లేదు."

"తెర మీద కనపడుతోంది కదయ్యా!"

"నాకు గూడ కనపడుతున్నది సార్. కని నాది కాదు."

వెంకటనారాయణ విసుగ్గా సైమన్ వైపు తిరిగాడు. "మీరు చెప్పండి సైమన్ గారూ. రంగులేమైనా మార్చారా? కెమెరా అబద్ధమాడుతుందా?"

రంగులు ముట్టుకోలేదు, ఆ మాట నిజమే. కానీ రెండో ప్రశ్నకు జవాబు చెప్పేటప్పుడు సైమన్ కళ్ళ ముందు మెదిలింది కెమెరా కాదు, దానికి తను పెట్టిన డబ్బూ, ఈ కంపెనీ పనీ. "లేదండి. ఈ కెమెరా ఆడదు. చాలా మంచి కెమెరా అండి" అన్నాడు.

మొగిలి అతని వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. అక్కడితో తీర్పు అయిపోయింది. శుక్రవారం ఏజెన్సీ మనిషి వస్తాడు, మొగిలి పేరు కొట్టేస్తారు. ఒక్క ఈ గేటు దగ్గరే కాదు. ఏజెన్సీవాళ్ళు ఒకరికొకరు చెప్పుకుంటారు కనుక, మాదాపూర్ నుంచి గచ్చిబౌలి దాకా ఇక ఏ గేటూ అతన్ని నిలబడనివ్వదు. గోరుచుట్టు మీద రోకటిపోటులా, అతని ఇంటావిడ సత్తెమ్మ ఇదే కంపెనీ క్యాంటీన్లో గిన్నెలు తోముతుంది. ఆమెను కూడా రేపటినుంచి రావద్దన్నారు.

*

బుధవారం సాయంత్రం సైమన్ మిగిలిన షూటింగు ముగించుకుని బండి తీస్తుంటే, ఎదురుగా చాయ్ బండి దగ్గర మొగిలి కనిపించాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు. తప్పించుకుపోదామనుకున్నాడు సైమన్. ఉద్యోగం పోయినవాడు తిడతాడు, లేదా కాళ్ళు పట్టుకుంటాడు. రెండూ భరించడం కష్టమే.

మొగిలి ఆ రెండూ చేయలేదు. "సార్, జర ఆగుండ్రి. చాయ్ తాగుండ్రి" అన్నాడు. చాయ్ చెప్పి, కవరులోంచి మడత పెట్టిన చొక్కా తీసి బండి సీటు మీద పెట్టాడు. "గిదే సార్ గా దినం ఏసుకున్న అంగి. ఇంటికాడ సత్తెమ్మ గూడ నన్నే అడుగుతున్నది, గా గులాబి అంగి ఎవరిచ్చిన్రు, ఏడ దాసినవు అని. వీడియో ఆమెకు ఎవరో ఫోన్ల సూపిచ్చిన్రట. నాకు గూడ అనుమానం పట్టుకున్నది సార్. ఒకసారి మీరు సూడుండ్రి. గిది బూడిదరంగా, గులాబా?"

ఎగతాళి కాదు. అతను నిజంగానే అడుగుతున్నాడు. పదిమంది కాదన్నాక తన కళ్ళ మీద తనకే నమ్మకం సడలినవాడిలా అడుగుతున్నాడు. సైమన్‌కి ఆ ప్రశ్న గుండెలో గుచ్చుకుంది.

చొక్కా నిజంగానే బూడిదరంగులో ఉంది. సైమన్ మొహమాటానికి చేతిలోకి తీసుకుని కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడు. అప్పుడు కనిపించింది. బూడిదరంగు దారం అందులో ఒక్కటీ లేదు. తెల్లటి గుడ్డ మీద నల్లటి గళ్ళు, నువ్వుగింజ కన్నా సన్నవి, అడ్డంగా నిలువుగా, లెక్కపెట్టలేనన్ని. దూరం నుంచి చూస్తే తెలుపూ నలుపూ కలిసిపోయి బూడిదరంగులా కనపడుతోంది.

ముందురోజే ఫోన్ చేసి వద్దు వద్దు అని బతిమాలుకునే చొక్కా ఇదే. తన దయ్యం. అయితే ఆ దయ్యం ఎప్పుడొచ్చినా అలలుగా, గీతలుగా, అక్కడక్కడ రంగు మరకలుగా వచ్చేది. వీపంతా ఒకే రంగు పూసుకుని, చల్లగా, నిజంలాగా వచ్చి కూర్చోవడం అతను ఎన్నడూ చూడలేదు. పైగా ఆ రోజు రోడ్డంతా గులాబీయే. గులాబీల మధ్య ఇంకో గులాబీని ఎవరు అనుమానిస్తారు? అది ఆకుపచ్చో నీలమో అయ్యుంటే తనే మొదట పట్టుకునేవాడు.

"అన్నా, ఈ చొక్కా నా దగ్గర ఉంచుతావా?" అన్నాడు.

"ఉంచుకోండ్రి సార్. మల్ల నాకు ఇయ్యాలె. గదొక్కటే మంచి అంగి" అన్నాడు మొగిలి.

ఇల్లు చేరగానే సైమన్ చేసిన పని చూసి రూబీకి మతిపోయింది. ఆమె నర్సు, అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి అన్నం పెట్టుకుని కూర్చుంది. మొగుడు ఎవరిదో చొక్కా తెచ్చి, ఎదురు మేడ మీది వాళ్ళను అడిగి వాళ్ళ తీగ మీద ఆరేసి వచ్చి, తమ బాల్కనీలో కెమెరా పెట్టి దాన్ని తీయడం మొదలుపెట్టాడు.

"ఏమండీ, మనింట్లో తీగ లేదా?"

"దూరం కావాలి రూబీ."

తెర మీద చొక్కా బూడిదరంగే. జూమ్ పెంచాడు, తగ్గించాడు, ట్రైపాడ్ జరిపాడు. బూడిదరంగే. వెలుతురు తగ్గిపోతోంది. ఆశ వదిలేసుకుంటుండగా మేడ మీద గాలి లేచింది. చొక్కా ఒక్కసారి తెరచాపలా బిగిసింది. ఆ క్షణంలో దాని మీద గులాబీ రంగు భగ్గుమని, అంచున ఆకుపచ్చగా మారి, గాలి తగ్గగానే ఆరిపోయింది.

"ప్రభువా! ఏంటది?" అంది రూబీ. అన్నం చేత్తోనే లేచి వచ్చింది. కెమెరా తెర వంకా, ఎదురు మేడ వంకా మార్చి మార్చి చూసింది. అక్కడ బూడిదరంగు చొక్కా అమాయకంగా ఊగుతోంది. "దానికి రంగు లేదుగా? మరి ఇక్కడికెలా వచ్చింది?"

ఎలా వచ్చిందో సైమన్ పుస్తకం చూసినట్టు చెప్పగలడు. కానీ ఆ సాయంత్రం చెప్పబుద్ధి కాలేదు. ఇన్నేళ్ళూ తిట్టుకున్నాడే తప్ప దాన్ని ఎప్పుడూ తీరిగ్గా చూడలేదు. లోకంలో ఎక్కడా లేని రంగు. గుడ్డలో లేదు, ఎండలో లేదు, గాజులో లేదు. గుడ్డ గళ్ళూ, కెమెరా లోపలి గళ్ళూ ఒకదాన్నొకటి చూసుకున్న ఆ కాస్త సేపూ పుట్టి, చచ్చిపోయింది. మళ్ళీ గాలి వస్తుందేమోనని భార్యాభర్తలిద్దరూ చీకటి పడేదాకా బాల్కనీలో నిలబడిపోయారు.

*

గురువారం సైమన్ వెళ్ళి ఆ గులాబీ కెమెరా పుట్టించిందేనని చెబితే వెంకటనారాయణ ముందు ఒప్పుకోలేదు. "మొన్న అబద్ధమాడదన్నారు, ఇవాళ ఆడుతుందంటున్నారు. మీ కెమెరాకి మాట మీద నిలకడ లేదా, మీకు లేదా?" అన్నాడు. సైమన్ ఆ చురక మింగాడు. తప్పు తనది. కెమెరా సంగతి ఇలా బయటపెట్టాక వార్షికోత్సవం వీడియో తనకే ఇస్తారన్న నమ్మకం కూడా లేదు. అయినా శుక్రవారం ఉదయం ఏజెన్సీ మనిషి రాకముందే అదే కాన్ఫరెన్సు గదిలోకి వెళ్ళి, సంచిలోంచి రెండు జల్లెడలు తీసి బల్ల మీద పెట్టాడు. రూబీ పిండి జల్లించుకునేవి.

"ఇదేంటండీ, వంట కార్యక్రమమా?"

"ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురుకేసి పట్టుకోండి సార్. మెల్లగా తిప్పండి."

వెంకటనారాయణ అయిష్టంగానే పట్టుకున్నాడు, తిప్పాడు. రెండు జల్లెడల కన్నాల మీద పెద్ద పెద్ద అలలు లేచి, గుండ్రంగా తిరిగి, విడిపోయి, మళ్ళీ కలిశాయి. ఇంకోసారి తిప్పాడు. జల్లెడ దించి చూశాడు, ఏమీ లేదు. మళ్ళీ పెట్టాడు. యాభై దాటిన మనిషి ముఖంలోకి జాతరలో రంగులరాట్నం చూసిన కుర్రాడొచ్చి కూర్చున్నాడు.

"కెమెరా లోపల కూడా ఒక జల్లెడ ఉంటుందండీ" అన్నాడు సైమన్. "దాని ఒక్కొక్క కన్నం ఒక్కొక్క రంగునే చూస్తుంది. ఎరుపు కన్నం ఎరుపునే, ఆకుపచ్చ కన్నం ఆకుపచ్చనే. ఫోటో తీస్తే అన్ని వరుసలూ చదువుతుంది. వీడియోకి సెకనుకి పాతిక బొమ్మలు తీయాలి కదా, తొందరలో వరుసలు వదిలేసి చదువుతుంది. మామూలు గుడ్డ అయితే ఫరవాలేదు. గుడ్డ మీద కూడా ఇంత సన్నటి గళ్ళుంటే, చదివిన వరుసలకు తెల్లవి దొరికి, వదిలేసిన వరుసల్లో నల్లవి పోతాయి. లెక్క తప్పుతుంది. తప్పిన లెక్కకు ఏదో ఒక రంగు వేసేస్తుంది."

"ఏదో ఒకటి వేస్తే గులాబీయే ఎందుకు పడింది?"

"పడింది సార్. అది మొగిలి ఖర్మ."

మొగిలిని ఆ చొక్కాతో గేటు దగ్గర నిలబడమన్నారు. పైన అదే కిటికీ, అదే కెమెరా, అదే లెన్సు. కెమెరాకు వైరు తగిలించి చిన్న టీవీ పెట్టాడు సైమన్. కంపెనీ మనుషులు చుట్టూ మూగారు. తెర మీద మొగిలి వీపు కనిపించింది.

బూడిదరంగు.

సైమన్ జూమ్ సరిచేశాడు. బూడిదరంగు. ఎవరో గొంతు సవరించుకున్నారు. "మరి గులాబీ ఏదండీ?" అని వెనకనుంచి ఒకాయన అన్నాడు. వెంకటనారాయణ చేతి గడియారం చూసుకున్నాడు. కింద గేటు దగ్గర ఏజెన్సీ మనిషి బండి కూడా వచ్చి ఆగింది. తను ఓడితే తనకు పోయేది ఒక పని. అదిగో, అక్కడ కదలకుండా నిలబడ్డవాడికి అన్నీ పోతాయి. ఏం తక్కువైంది? ఎండ ఉంది, దూరం సరిగ్గానే ఉంది. అప్పుడు మేడ మీది గాలి గుర్తొచ్చింది. బిగిసినప్పుడే కదా వచ్చింది!

కిటికీలోంచి వంగి అరిచాడు. "అన్నా! ఆ రోజు పట్టుకున్నట్టు పట్టుకో గేటు! రెండు చేతులూ పెట్టు! గట్టిగా!"

మొగిలి ఒక క్షణం తటపటాయించాడు. తర్వాత రెండు చేతులూ చాపి చువ్వలు పట్టుకుని, కాళ్ళు ఎడం చేసి, బలమంతా పెట్టాడు. వీపు విచ్చుకుంది. చొక్కా భుజం నుంచి భుజానికి ముడత లేకుండా బిగిసింది.

నడుం దగ్గర మొదలై మెడ దాకా గులాబీ రంగు పాకింది.

వెంకటనారాయణ టీవీ చూశాడు, కిటికీ దగ్గరికి పరిగెత్తి కిందికి చూశాడు, మళ్ళీ టీవీ దగ్గరికి వచ్చాడు. కింద బూడిదరంగు, ఇక్కడ గులాబీ. ఒకే మనిషి, ఒకే ఎండ. సైమన్ లెన్సు వలయాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని వెంట్రుకవాసి తిప్పాడు. చువ్వలు కొంచెం మసకబారాయి, గులాబీ నీళ్ళలో కడిగినట్టు పోయింది, బూడిదరంగు చొక్కా మిగిలింది. మళ్ళీ తిప్పాడు. గులాబీ వచ్చింది.

"అమ్మ బాబోయ్" అన్నాడు వెంకటనారాయణ చిన్న గొంతుతో. "దీన్ని నమ్మి మనిషి పొట్ట కొట్టేవాళ్ళం కదండీ!"

మొగిలిని పైకి పిలిచి, తీసిందంతా చూపించారు. అతను టీవీకి జానెడు దూరంలో నిలబడి తన వీపును తనే చూసుకున్నాడు. చొక్కా కొస పట్టుకుని కళ్ళ ముందుకు తెచ్చుకుని, మళ్ళీ తెర చూశాడు. "గిదేంది సార్! నేను కిందనే ఉన్న, నాకేం ఎరికనే లేదు. నా ఈపు మీద గింత పని జరిగిందా!" అని పసివాడిలా నవ్వాడు. గదిలో అందరూ నవ్వారు. మొన్న నవ్విన నవ్వు కాదది. ఒకాయన వెళ్ళి అతని చొక్కా చెయ్యి తడిమి చూశాడు కూడా.

వెంకటనారాయణ ముఖం తేటపడింది. "సరేనయ్యా మొగిలీ. పొరపాటైపోయింది. నువ్వు వాళ్ళలో మనిషివి కాదని తేలిపోయింది. గేటు మూసి పట్టుకుందామని చూశావు, వాళ్ళు బలవంతంగా తోసేశారు, అంతేగా? ఏజెన్సీవాళ్ళకు అదే చెప్తాను. వెళ్ళి డ్యూటీ చూసుకో. సత్తెమ్మను కూడా రమ్మను."

సైమన్ ఊపిరి పీల్చుకుని వైరు చుట్టడానికి వంగాడు. మొగిలి కదల్లేదు.

"లేదు సార్" అన్నాడు.

"ఏంటి లేదు?"

"ముందుగాల మూసే పట్టిన. తర్వాత నేనే తీసిన."

వైరు సైమన్ చేతిలో అలాగే ఉండిపోయింది. వెంకటనారాయణ నవ్వు సగంలో ఆగింది. "ఏం మాట్లాడుతున్నావయ్యా? అంతా తేలిపోయాక?"

"అంగి సంగతి తేలింది సార్. గేటు సంగతి తేలలే. ఎన్కకెల్లి ఏదో గడబిడైంది, అందరు ముందుకు నూకిన్రు. ముందటోళ్ళు గేటుకు అతుక్కపోయిన్రు. ఒక పోరి ఉండె సార్. ర్యాలీల పిల్ల గాదు, ఆటో కోసం నిలవడ్డది. చువ్వలకు దవడ ఒత్తుకపోయి కండ్లు తేలేసింది. ఊపిరి ఆడుతలేదు. ఇంకో జర సేపు నేను గట్లనే పట్టుకోని ఉంటే పాణం పోతుండె. గుంజిన. తెరిచిన. జనం వచ్చిన్రు, తలుపు పలిగింది. గది నాతోనే అయింది సార్."

"మరి ఈ నాలుగు రోజులూ ఎందుకు చెప్పలేదు?"

"మీరు అంగి గురించే అడిగిన్రు సార్. గేటు ఎందుకు తీసినవని ఎవలు అడగలే."

వెంకటనారాయణ నెమ్మదిగా కుర్చీలో కూర్చున్నాడు. "సైమన్ గారూ, సోమవారం వీడియో పెట్టండి" అన్నాడు.

సైమన్ పెట్టాడు. ఈ నాలుగు రోజుల్లో ఎన్నిసార్లు చూశాడో లెక్కలేదు, చూసిన ప్రతిసారీ ఆ చొక్కానే చూశాడు. ఇప్పుడు చొక్కా వదిలేసి, మొగిలి కుడి మోచేతి కింద రెండు చువ్వల మధ్యకు చూశాడు. అక్కడ ఏదో తెల్లటి మరక ఉంది. బొమ్మ పెద్దది చేశాడు. మరక కాదు. నలిగిపోయిన ఒక చెంప, తెరుచుకున్న నోరు, గాలి కోసం చువ్వల ఇవతలికి చాచిన చిన్న చెయ్యి. గాజులు కూడా కనిపిస్తున్నాయి. మెల్లగా ముందుకు నడిపాడు. మొగిలి తల కిందికి, ఆ ముఖం వైపు వంగింది. చేతుల పట్టు మారింది. అప్పటిదాకా ఎదురు తోస్తున్న వీపు ఒక్కసారిగా పక్కకు తిరిగి లాగడం మొదలుపెట్టింది. గేటు జరిగింది, ఆ పిల్ల మొగిలి చేతుల్లో పడింది, వెనక నుంచి జనం వరదలా వచ్చారు. ఇదంతా తన కెమెరాయే తీసింది. ఒక్క గీతా తప్పు లేకుండా తీసింది.

లేని రంగు పుట్టడం చూసి అబ్బురపడ్డాడు మొన్న. ఇప్పుడు, ఉద్యోగం చేతికొచ్చాక, ఒక్క మాట మింగేస్తే చాలు అన్నప్పుడు కూడా ఆ మాట మింగని మనిషి రెండడుగుల దూరంలో చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. అతని వైపు తలెత్తి చూడటానికి కూడా సైమన్‌కి ధైర్యం చాలలేదు.

తలుపు తోసుకుని ఏజెన్సీ మనిషి లోపలికి వచ్చాడు. "సార్, ఆ మొగిలి సంగతి ఏం తేల్చిన్రు? అందరు ఏవేవో అంటున్నరు. గేటు తీసింది ఇతనా, కాదా?"

గదిలో అందరూ వెంకటనారాయణ వైపు చూశారు. అతను తెర మీద ఆగిపోయిన ఆ చిన్న చేతిని ఇంకా చూస్తూనే ఉన్నాడు.

"తీసింది ఇతనే" అన్నాడు. గొంతు సవరించుకుని మళ్ళీ అన్నాడు. "ఇతనేనయ్యా తీసింది. నేనడిగానని చెప్పి, రేపట్నుంచి మళ్ళీ ఆ గేటు దగ్గరే వేయండి."